పొగాకు, రెండు ఔన్సులు

పెన్సిల్ మాత్రమే, అని చెప్పాను మోర్వెన్‌కి.
పెన్ను సంచిలో, కోటు కొక్కేనికి, తడి గొడుగు బకెట్లో.
లెర్విక్‌కి గొడుగు తెచ్చేది కొత్తవాళ్ళే,
ఇక్కడి గాలికి గొడుగో లెక్కా!

కాలేజీలో రెండో ఏడు, చరిత్ర.
అబర్డీన్ నుంచి రాత్రి ఓడలో వచ్చింది.
కడుపులో సముద్రం ఇంకా కదులుతోందని మొహమే చెబుతోంది.
"హోప్‌ఫుల్ పడవ మునక. పదకొండుగురు పోయారు.
నాకు ఒక్క రుజువు చాలు" అంది.
ఒక్కటి చాలనేవాళ్ళని ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను.
ఏమీ అనలేదు. ట్రాలీ తోసుకొచ్చాను.

ముందు పత్రిక.
పదకొండు. పెద్దక్షరాల్లో, నల్లంచుతో.
పిల్ల కళ్ళు వెలిగాయి. అచ్చులో ఉన్నది అబద్ధమా?
తేదీ చూడమన్నాను. మునిగిన మర్నాడు.
అచ్చయింది ఎడింబరోలో.
తుఫానుకి టెలిగ్రాఫ్ తీగలు తెగిన రాత్రి
అంత దూరం ఆ అంకె ఎవరి నోట వెళ్ళింది?
నేనేదో దాచినట్టు నా వైపు చూసింది.

తర్వాత చర్చి రిజిస్టరు. తొమ్మిది.
శవం దొరికినవాళ్ళకే ఖననం,
ఖననమైనవాళ్ళకే పాదిరిగారి సిరా.
సముద్రం తనకని అట్టేపెట్టుకున్నవాళ్ళు
ఆయన లెక్కలోకి రారు.
"అయితే తొమ్మిదికి తక్కువ కాదు" అంది.
పొద్దుటినుంచి ఆమె మెల్లగా అన్న మొదటి మాట అది.

సహాయనిధి జాబితాలో పదమూడు.
"చావులకీ వడ్డీ పెరుగుతుందా?" అని నవ్వింది.
నవ్వు, కానీ ఆ కాగితం చేత్తో పట్టుకుని నవ్వకు అన్నాను.
మగదిక్కు పోయిన ఇంటికి వారానికి ఐదు షిల్లింగులు.
ఐదు షిల్లింగులకి ఎన్ని రొట్టెలొచ్చేవో ముందు కనుక్కో,
అబద్ధం సంగతి తర్వాత చూద్దాం.

ఎవరూ అడగని పెట్టె ఒకటుంది.
హామర్‌వో రేవులో థామసీనా ఇస్బిస్టర్ కొట్టు,
ఆవిడ ఖాతా పుస్తకం.
ఉప్పు, దారం, టీ పొడి,
హెర్రింగ్ చేపలు కోసే ఆడవాళ్ళు
వేళ్ళకి చుట్టుకునే గుడ్డపేలికలు, ఎవరెంత బాకీ.
ఎవరినీ ఒప్పించడానికి రాయలేదావిడ,
మర్చిపోతానేమోనని రాసుకుంది.
పడవ మునిగిన తొమ్మిదో రోజు, మూడో వరస:
మాగ్నస్ హల్‌క్రో, పొగాకు, రెండు ఔన్సులు, అప్పు.

పత్రికలో పోయినవాళ్ళ పేర్లలో ఏడోది మాగ్నస్ హల్‌క్రో.

మోర్వెన్ కుర్చీలోంచి లేచింది.
"బతికాడు!"
వంశవృక్షాలు వెతుక్కుంటున్న ముసలాళ్ళిద్దరు తలెత్తారు.

నేనూ అలాగే అరిచాను ఒకప్పుడు, ఇదే బల్ల దగ్గర.
కూర్చోమన్నవాళ్ళు లేరు.
రాసేశాను, మంచి మార్కులూ పడ్డాయి.
ఆరేళ్ళు పోయాక, వేరే ఎవరికోసమో
ఆ రేవు జనాభా లెక్కలు తిప్పుతుంటే
అదే గడపలో అదే పేరు, మళ్ళీ:
మాగ్నస్ హల్‌క్రో, కొడుకు, పద్నాలుగేళ్ళు.

ఇప్పుడు చెప్పండి, ఆ పొగాకు ఎవరిది?
తండ్రి ఈదుకొచ్చాడా?
తండ్రి పైపు పిల్లాడు తన నోట పెట్టుకున్నాడా?
లేక శనివారం వచ్చిందని, అలవాటుగా,
తల్లి కొనేసి
దారిలో గుర్తొచ్చి ఆగిపోయిందా?
నాకు తెలీదు. ఇరవై ఏళ్ళయింది, తెలీదు.

మోర్వెన్‌కి ఇదంతా చెప్పలేదు.
జనాభా లెక్కల పెట్టె మోచేతి పక్కన పెట్టి
ఐదింటికి మూసేస్తాం అన్నాను.

నాలుగున్నరకి రబ్బరు చప్పుడు వినిపించింది.
చాలాసేపు.
వెళ్ళేటప్పుడు థాంక్స్ కూడా చెప్పలేదు,
పెదాలు ఏవో పేర్లు వల్లెవేస్తున్నాయి.

బల్ల మీది రబ్బరు పొడి అరచేత్తో ఊడ్చాను.
బకెట్లో గొడుగు అలాగే ఉంది.
చీటీ రాసి కట్టాను:
ఎవరిది, ఏ రోజు, ఎక్కడ దొరికింది.
ఎవరిది అన్నచోట, మోర్వెన్‌దే అనుకుంటాను, అని రాశాను.